వల్బుర్గా పెద్దమ్మ వేసిన ముడి

వల్బుర్గా పెద్దమ్మకి ఒకటే పిచ్చి. ఏ ఆడమనిషి డిర్న్‌డల్ గౌను మీదైనా ఏప్రన్ ముడి తప్పువైపు కనబడితే, విప్పి మళ్ళీ కట్టేదాకా ఆవిడకి తిన్నది అరగదు. పెళ్ళికాని పిల్లకి ఎడమపక్క, మొగుడున్నదానికి కుడిపక్క, మొగుడు పోయినదానికి వెనకాల. ఆ కొండ ఊళ్ళో ఈ పద్ధతి అందరికీ తెలిసిందే. మిగతావాళ్ళు చూసి ఊరుకుంటారు, ఈవిడ చెయ్యి ఊరుకోదు.

"మనుషుల్ని పేరుతో గుర్తుపెట్టుకోవచ్చు కదా పెద్దమ్మా?" అని పక్కింటి ఆఫ్రా అడిగితే, "పేర్లదేముందే! ఆన్నా అని కేకేస్తే వీధిలో సగంమంది తిరుగుతారు. ముడి చూస్తే ఎవరేమిటో ఇట్టే తెలుస్తుంది" అంది.

ఓసారి చర్చిలో ఫాదరు దీవెన ఇస్తుండగా ముందు బెంచీలో కూర్చున్న పిల్ల ముడిని పెద్దమ్మ లాగేసింది. పిల్ల కెవ్వుమంది. ఫాదరు కంగారుగా తన నడుముతాడు తడిమి చూసుకున్నాడు.

బీరుశాలలో కొత్తగా చేరిన అమ్మాయికి వెనక ముడి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

"ఇంత చిన్న వయసులోనే! ఎప్పుడు పోయాడమ్మా మీ ఆయన?"

"నాకింకా పెళ్ళే కాలేదండీ! బీరు మోసేవాళ్ళం కూడా వెనకే కట్టుకుంటాం."

ఆఫ్రాది మాత్రం నిజంగా వెనక ముడే. మొగుడు పోయి ఏళ్ళు గడిచాయి. గుర్రపు జీనులు కుట్టే క్విరిన్ అంటే ఆమెకి ఇష్టం. చర్చి పండగలో అతనితో డాన్సు చెయ్యాలని ప్రాణం లాగుతోంది. కానీ వెనక ముడి ఉన్నదాన్ని అందరి ముందూ ఎలా పిలుస్తాడు? పోనీ తనే మార్చుకుందామంటే, "ముడి మార్చేసిందర్రా!" అని ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. పండగ పొద్దున అద్దం ముందు ఎడమపక్క కట్టుకుని చూసుకుంది. ధైర్యం చాలక మళ్ళీ వెనక్కే కట్టేసుకుంది.

పండగ హాల్లో వాయిద్యాలు మొదలయ్యాయి. క్విరిన్ తాతలనాటి తోలు నిక్కరు వేసుకుని దూరంగా నిలబడ్డాడు. ఆఫ్రా అత్తగారి పక్కన తల వంచుకుని కూర్చుంది. అంతలో వల్బుర్గా పెద్దమ్మ గాలివానలా వచ్చిపడింది.

"ఎవరే నీకీ ముడి వేసింది?"

"నేనే పెద్దమ్మా."

"తప్పు! లే!" అని లేపి, ముడి విప్పి, ఎడమపక్కకి లాగి బిగించేసింది.

అత్తగారు జెనోవెఫా లేచింది. "ఏమే, మతి పోయిందా? అది నా కొడుకు పెళ్ళాం!"

"మతి పోయిందిలే, ఈ వయసులో ఇంకా ఉంటుందా? నీకు తప్పనిపిస్తే నువ్వే విప్పు. నేను మళ్ళీ కడతా. తెల్లారేదాకా కడతా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా గొల్లుమంది. జెనోవెఫాకీ నవ్వాగలేదు. "ఈ పిచ్చిదాంతో ఎవరు పడతారు! సర్లే, కట్టింది కట్టినట్టు ఉండనీ" అని కూర్చుంది. క్విరిన్ అప్పటికే సగం దూరం వచ్చేశాడు.

"కిటికీలోంచి చూశాలేవే, పొద్దున నీ అవస్థ" అని పెద్దమ్మ ఆఫ్రా చెవిలో గొణిగింది. "ఎవరైనా అడిగితే నింద నామీదికి తోసెయ్."

ఆఫ్రాకి ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. "నీకు నిజంగానే పిచ్చి పెద్దమ్మా!"

"అందరికీ అదే చెప్పు" అని ఆమెని క్విరిన్ వైపు ఒక్క తోపు తోసింది పెద్దమ్మ.