కొంగు కింద మిషను

పటాన్‌చెరు బజారులో ధాన్యం కొట్టు నడిపే బద్రీనాథ్ భార్య చంద్రకళకు తెల్లవారడమంటే ముందు కుడిచెవి సర్దుకోవడం. వినికిడి మిషనును చెవి వెనక కూర్చోబెట్టి, దాని పక్కనుంచి కళ్లద్దాల కాడను మెల్లగా దూర్చేది. ఒంటిచేత్తో అద్దాలు తీస్తే మిషను కూడా వెంట వచ్చి పప్పుడబ్బాలో పడేది. అందుకని రెండు చేతులతో, కిరీటం దించినట్టు తీసేది. ఇంత జాగ్రత్త పడే మనిషీ, భర్తకు అన్న అయిన పాండురంగం గడప తొక్కగానే మర్యాదకు తలమీదికి కొంగు లాక్కునేది. కొంగు ఒత్తుకుని మిషను కుయ్యిమనేది. అందరూ తనవైపు చూస్తే సిగ్గుపడి దాన్ని ఆపేసేది. ఆ తర్వాత ఆయన ఏమన్నా ‘సరే బావా’ అని తలూపడమే.

డెబ్బైల్లో చుట్టుపక్కల భూములను కంపెనీలు కొంటున్న రోజులవి. ఒక మధ్యాహ్నం మిషను ఆపేసి కూర్చున్న చంద్రకళకు బావగారి పెదవులమీద ‘లక్డారం’ అన్న ఊరిపేరు కనిపించింది. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన మెట్ట చెలక అక్కడే ఉంది. ఆమె కొంగును భుజంమీదికి దించింది. ఆయన ముందు ఆ తల కనబడటం అదే మొదలు. మిషను మళ్లీ వేసి, అద్దాలు సర్దుకుంది.

“మల్లొకపారి చెప్పుండ్రి బావా.”

“నీ లక్డారం చెల్క కంపెనీకి ఇస్తున్నమమ్మా. నువ్వు సంతకం పెడితే అయిపాయె.”

“నేనియ్య బావా.”

“ఏందీ?” పాండురంగం కేక బజారుదాకా వినిపించింది.

చంద్రకళ మిషను ఆపలేదు, కాస్త తగ్గించిందంతే. “జెర మెల్లగ బావా. మంచిగనే ఇనబడుతున్నది.”