కలవని ఒక్క ఫైలు

ఇక్కడి హిందీ వాళ్ళకు తెలుగు చదవడం రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

లక్ష్మీ నగర్‌లో మా ఆయనకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఈ మధ్యాహ్నం నేను భోజనం తీసుకెళ్ళేసరికి, ఒకతను భార్యను జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చాడు. ఆమె లాప్‌టాప్‌ను బల్ల మీద పడేసి, "ఇందులో ఏదో దాచింది, వెతుకు భయ్యా" అన్నాడు. ఆమె లేదన్నందుకు చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. అడ్డు వెళ్ళిన మా ఆయనను గోడకేసి తోసి, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

ప్రతి ఫైలుకూ లోపలున్నదాన్ని బట్టి ఒక ముద్ర ఉంటుందట, మన వేలిముద్రలాగే; పేరు మార్చినా అది మారదట. లాప్‌టాప్‌తో పాటు వచ్చే కంపెనీల ఫైళ్ళ ముద్రలతో పోల్చి, కలిసినవన్నీ పక్కన పెడితే మనిషి సొంతవి మిగులుతాయి. మా ఆయన అదే చేశారు. కంపెనీ ఫైలు పేరు పెట్టుకున్నది ఒకటి కలవలేదు. తెరిస్తే, వాతలు తేలిన ఆమె వీపు ఫోటో. తెర మా వైపు ఉంది కాబట్టి అతనికి కనబడలేదు.

పరాయి మగవాళ్ళ ముందు నోరు విప్పని నేను, "అన్నీ కలిశాయి భయ్యా. అన్నీ కంపెనీవే" అనేశాను.

"పక్కా?" అంటూ బల్లను తన్నాడు.

"పక్కా."

వాళ్ళు వెళ్ళాక మా ఆయన, "నా పనిలో ఇంతవరకు అబద్ధం చెప్పలేదు" అన్నారు.

"ఇప్పుడూ మీరు చెప్పలేదుగా, చెప్పింది నేను" అన్నాను.

ఆ ఫోటోను కాపాడాం. ఆమెను మాత్రం అతని వెంటే పంపించాం. మీరైతే ఏం చేసేవారు?