నారింజ రంగు గోలీలు

మా క్వార్టర్ల వరుసలో పొగ తాగేవాళ్లు ఎవరని అడిగితే ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లను చూపించేవారు. సిగరెట్టు కాల్చేవాడే పొగ తాగేవాడు. బీడీ అందులోకి రాదు. బొగ్గు గనిలోకి దిగేముందు గేటు దగ్గర జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టె తీయించేస్తారు. లోపల గ్యాసు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు, ఎవరూ మిగలరు. షిఫ్టంతా నోట్లో బీడీ లేకుండా ఉండి, పైకి వచ్చాక ఛాయ్‌తో కాల్చే నాలుగు బీడీలను ఎవరూ అలవాటు అనేవారు కాదు. ఆ ప్రకారం నా భర్త కూడా పొగ తాగని మనిషే. నా తప్పు అక్కడే మొదలైంది.

నేను ఏడో తరగతి వరకే బడికి వెళ్లాను. మిగిలిన చదువు కాలనీ లైబ్రరీలో చదివాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగి, వెళ్లి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆరోగ్యం మీద తెలుగులో ఉన్న పుస్తకాలను ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివాను. తెలియని మాటను నోటుబుక్కులో రాసుకుని, ఇంకో పుస్తకంలో దాని అర్థం దొరికేదాకా వదిలేదాన్ని కాదు. 'కెరోటినాయిడ్లు' అట్లా పట్టుకున్న మాటే. క్యారెట్‌కు, బొప్పాయికి, గుమ్మడికాయకు ఆ రంగు ఇచ్చేవి అవే. పాలకూరలోనూ మునగాకులోనూ ఆకుపచ్చ కింద కనపడకుండా ఉంటాయి. ఆ సాయంత్రం కూరగాయల బండి మీద కోసి పెట్టిన గుమ్మడి ముక్క ముందు చాలాసేపు నిలబడ్డాను.

అప్పటికే మా బావకు దగ్గు పట్టుకుంది. మేనబావనే చేసుకున్నాను కాబట్టి పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. ఇరవై ఏళ్లకు పైగా భూమి కింద పనిచేసిన మనిషి. పొద్దున్నే మోరీ కాలువ దగ్గర వంగి దగ్గుతుంటే పొయ్యి దగ్గర నా చేయి ఆగిపోయేది. దుమ్ముకు విరుగుడని అందరిలాగే షిఫ్టు దిగాక బెల్లం ముక్క తినేవాడు. నాకు బెల్లం మీద నమ్మకం లేదు.

కూరలతో ఆగి ఉంటే బాగుండేది. గుమ్మడి ముక్కలోనే ఇంత మేలు ఉంటే, అదే సరుకు గోలీగా చేస్తే ఇంకెంత మేలో అనుకున్నాను. మందుల షాపులో బీటా కెరోటిన్ గోలీలు తెచ్చాను.

"గోలీలెందుకే? నాకేం రోగం?" అన్నాడు.

"మీ బొగ్గు కుప్ప ఎవ్వరు అంటువెట్టకుండనే ఎట్ల కాలుతది బావా?"

"గాలి తాకి. లోపలికి గాలి వోతే దానంతల అదే ఉడుకైతది. ఆఖరికి పొగ లేస్తది."

"ఒంట్ల గూడ గట్లనే. మనం పీల్చే గాలే లోపల కొంత ఖరాబు చేస్తది. గీ రంగు దాన్ని ఆపుతది."

"మా ట్రైనింగుల సారు గూడ గింత మంచిగ చెప్పలేదే," అని గోలీ నోట్లో వేసుకున్నాడు. ఆ మాట నాకు పట్టుచీర కన్నా ఎక్కువైంది.

ఏడాది పాటు రోజూ అన్నం తిన్నాక నా చేతులతో ఇచ్చాను. నాలుగు బీడీలు ఆరయ్యాయి. ఏమన్నా అంటే "గోలి ఏసుకుంటున్న గదనే" అనేవాడు. దగ్గు తగ్గిందని ఇద్దరం అనుకున్నాం.

తర్వాత లైబ్రరీకి కొత్త పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఒకదానిలో చదివాను: కూరల్లో, పండ్లలో ఉన్న ఈ రంగులు మేలే చేస్తాయి. కానీ పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తులను కాపాడుతుందని బీటా కెరోటిన్‌ను మాత్రలుగా ఇచ్చి చూస్తే, కాపాడకపోగా క్యాన్సర్ ఎక్కువైంది. మూడుసార్లు చదివాను. బీడీలకు మినహాయింపు ఉందేమో అని పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాల దాకా వెతికాను. లేదు.

ఇంటికి వచ్చి షాపులో గోలీలు అయిపోయాయని అబద్ధం చెప్పాను. నాలుగో రోజు బావ కొత్త డబ్బా పట్టుకుని వచ్చాడు.

"బసంత్‌నగర్ దాక పోయి తెచ్చిన. మా గ్యాంగుల ఇద్దరికి గూడ చెప్పిన, ఆళ్లు గూడ మొదలువెట్టిండ్రు. నా పెండ్లాం చదివి చెప్పిందంటే డాక్టరు చెప్పినట్టే అన్న."

అప్పుడు చెప్పాను. డబ్బాను చేతిలో తిప్పుతూ విన్నాడు.

"ఎరికుండి ఇచ్చినవా?"

"లే బావా."

"ఎరికై ఎన్నొద్దులాయె?"

"నాలుగొద్దులు."

"మరి గా నాలుగొద్దులు ఎందుకు చెప్పలే?"

చదువుకున్నదాన్ననే పేరు పోతుందని. ఆ మాట పైకి రాలేదు. ఆయనకు అర్థమైనట్టుంది, మళ్లీ అడగలేదు. "రేపు నువ్వే వచ్చి ఆళ్లకు చెప్పు," అన్నాడు.

మర్నాడు మొదటి షిఫ్టు వదిలాక గని ఎదుట ఛాయ్ హోటల్ దగ్గర నిలబడ్డాను. ఆ ఇద్దరూ మసి ముఖాలతోనే వచ్చారు.

"ఏందక్కా, డాక్టరమ్మ గని కాడికే వచ్చింది!" అన్నాడు చిన్నవాడు.

అంతా చెప్పాను. అతను నవ్వాడు. "మొన్న మంచియన్నవు, ఇయ్యాల చెడ్డయంటున్నవు. రేపేమంటవో!"

పెద్దాయన నవ్వలేదు. వేళ్ల మధ్య వెలుగుతున్న బీడీని చూసుకున్నాడు. "గోలి బంద్ చెయ్యాల్నా చెల్లె, బీడీ బంద్ చెయ్యాల్నా?"

"రెండూ అన్నా. గోలి ఇయ్యాల్నే. బీడీ నీతోని అయినంత జల్ది."

"బీడీ మానుమని మా అవ్వ గూడ అంటది," అన్నాడు చిన్నవాడు. "ఆమె ఏ లైబ్రరీకి వోయింది?"

పెద్దాయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

ఇప్పుడు గుమ్మడికాయను నూనెలో మగ్గించి వండుతాను. ఆ రంగు ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె ఉండాలి. బావ బీడీలు రెండుకు వచ్చాయి, కొన్ని రోజులు నాలుగు. దవాఖానలో ఎక్స్‌రే చూసిన డాక్టరుకు గోలీల సంగతి నేనే చెప్పాను. "ఆపేశారు కదా, అదే మంచిది. అవి ఏమైనా చేశాయో లేదో ఇప్పుడు చెప్పలేం," అన్నారు.

పొద్దున మోరీ దగ్గర దగ్గు వినిపిస్తే ఇప్పటికీ నా చేయి ఆగుతుంది. ఆ దగ్గులో బొగ్గుది ఎంత, బీడీది ఎంత, నాది ఎంత అన్నది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. సాయంత్రం బావ మాత్రం ఎప్పటిలాగే "ఇయ్యాల ఏం చదివినవే?" అని అడుగుతాడు. ఎవరికి పడదో, ఎవరు తినకూడదో రాసిన భాగం ఉంటే ముందు దాన్నే చదివి వినిపిస్తాను.