ఊదుబత్తుల మసి

పాడైన వస్తువు ఊరికే ఇస్తాం, వచ్చి తీసుకుపొమ్మని మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరు పెట్టినా ముందు వెళ్లేది నేనే. మా నాన్న, మా బాపు, నిజామాబాద్‌లో రేడియోలు బాగు చేసేవాడు. ఆయన స్క్రూడ్రైవర్లతో పాటు ఆ పిచ్చి కూడా నాకు వచ్చింది. నోరు మాత్రం నాదే. టీవీ విప్పితే బల్లి గుడ్లు, మిక్సీ విప్పితే ఎండిపోయిన పచ్చడి. వెంటనే ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి, ఆ వస్తువును ఎట్లా పాడు చేశారో వివరంగా చెప్పి పెట్టేస్తాను. అందుకే చాలామంది రెండోసారి నాకేమీ ఇవ్వరు.

పోయిన చలికాలం మాత్రం నాకు టీవీలూ వద్దు, మిక్సీలూ వద్దు. అక్కకు ఆక్సిజన్ మిషన్ కావాలి. ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి మా అక్క. తంబాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తులను తినేసింది. పడుకుంటే గాలి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు. కొనే స్తోమత మాకు లేదు. ఊరందరి సామాన్లు బాగు చేసే నేను అక్కను అట్లా చూస్తూ కూర్చోవలసి రావడం భరించలేకపోయాను.

అప్పుడు గ్రూపులో ఒకాయన పెట్టాడు, బోధన్‌లో తన మేనత్త ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉందనీ, నడవడం లేదనీ, ఊరికే ఇచ్చేస్తుందనీ. చెరుకు బండ్ల వెనక ఆగుతూ ఆగుతూ పోయిన బస్సులో ఆ రోజు నాకు డ్రైవర్ మీద కూడా కోపం వచ్చింది.

ఆ ఇంట్లో ఒక అవ్వ ఉంది. భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడట. రెండేళ్లు ఈ మిషన్ మీదే బతికాడు. చివర్లో అది అలారం కూత పెట్టడం మొదలుపెట్టిందనీ, ఆయనకు ఆయాసం ఎక్కువైతే దవాఖానకు తీసుకుపోయారనీ, అక్కడే పోయాడనీ చెప్పింది. మిషన్ ఇంకా దేవుని అర కిందనే ఉంది. మీద పసుపు, కుంకుమ బొట్లు. అవ్వ నన్ను కోరింది ఒక్కటే.

"నడిస్తె ఫోన్ చెయ్యి బిడ్డా. అచ్చి ఒకసారి సూసి పోత."

ఇంటికి తెచ్చి మూత విప్పగానే గుడి వాసన వచ్చింది. బయటి గాలిని లోపలికి పీల్చుకునే చోట ఫిల్టర్ ఉంటుంది. అది నల్లగా, జిడ్డుగా, మూసుకుపోయి ఉంది. ఊదుబత్తుల మసి. భర్త ప్రాణం నిలబెడుతున్న మిషన్ కదా, దేవుడితో పాటు దానికీ రోజూ పొగ వేసింది ఆ తల్లి. ఆ పొగనంతా అది పీల్చుకుంది. అలవాటుగా ఫోన్ చేతికి తీసుకున్నాను. ఏమని తిట్టను? మళ్లీ కింద పెట్టేశాను.

కొత్త ఫిల్టర్ వేస్తే మిషన్ నడిచింది. దవాఖాన మిషన్లు చూసే తెలిసిన మెకానిక్ వచ్చి, ఆక్సిజన్ సరిగ్గానే వస్తోందని పరీక్ష చేసి చెప్పాడు. ఆ మధ్యాహ్నం అక్క ఎన్నో నెలల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. తర్వాత బోధన్‌కు ఫోన్ చేసి, నడుస్తోందని మాత్రం చెప్పాను.

ఆ వారంలోనే అవ్వ వచ్చింది. అక్క తల నిమిరింది. మిషన్‌కు కుంకుమ బొట్టు పెట్టింది. తర్వాత సంచిలోంచి ఊదుబత్తుల పొట్లం, అగ్గిపెట్టె తీసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆక్సిజన్ కాడ నిప్పు వద్దు అవ్వా. పొగ కూడ వద్దు. మిషన్ పీల్చుకుంటది."

అగ్గిపెట్టె పట్టుకుని ఆమె అట్లాగే నిలబడింది. తమకు ఆ మాట ఎవరూ చెప్పలేదని మెల్లగా అంది. పొట్లం, అగ్గిపెట్టె మళ్లీ సంచిలో పెట్టేసింది.

మిషన్ వెనక వైపు ఒక స్పాంజి ముక్క ఉంటుంది, వారం వారం కడగాలి. నేను దాన్ని తీయబోతుంటే తాను కడుగుతానని అడిగి తీసుకుంది. బాయి నీళ్లు బకెట్‌లో పట్టుకుని వాకిట్లో కూర్చుంది. మొదట కొంచెం దుమ్ము వదిలింది, తర్వాత పిండితే నీళ్లు తేటగానే వచ్చాయి. వాటినే చూస్తూ అడిగింది.

"మా ఇంటికాడి నుంచి తెచ్చినప్పుడు దీంట్లకెల్లి నల్లగ అచ్చిందా బిడ్డా?"

మోటారు అరిగిపోయిందన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె అంతా తెలుసుకునే అడుగుతోంది. అబద్ధమాడితే ఆ మనిషిని చిన్నపిల్లను చేసినట్టు అవుతుంది.

"నల్లగనే అచ్చింది అవ్వా" అన్నాను. ఆయన ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయనీ, ఆయన పోయింది దీనివల్లేనని ఏ డాక్టరూ చెప్పలేడనీ కూడా అన్నాను. అది నిజమే. విన్నదో లేదో తెలియదు.

స్పాంజిలో మురికి ఏమీ మిగల్లేదు. అయినా ఆమె పిండుతూనే ఉంది.