దొరసానికి ఎక్కించిన నీళ్లు

అక్క పోయాక ఆ రెండు గదుల ఇంట్లో బట్టలు కుట్టే చెల్లెలూ, అక్క పెంచిన ముసలి పిల్లీ మిగిలారు. అక్క ఒడిలో తప్ప ఇంకెక్కడా కూర్చోదని దానికి దొరసాని అని పేరు. చెల్లెలంటే దానికి గిట్టదు. చెల్లెలికీ అదంటే అంతంతమాత్రమే.

ఒక వారం అది తిండి మానేసి నీళ్ల గిన్నె దగ్గరే పడిగాపులు కాసింది. ఆసుపత్రికి మోసుకెళ్తే, రక్తం పరీక్ష చేసిన డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"కిడ్నీలు చాలావరకు పాడైపోయాయమ్మా. గుండె కూడా బలహీనంగా ఉంది. కిడ్నీల కోసం చర్మం కింద సెలైన్ నీళ్లు ఎక్కించాలి. ఎక్కువైతే గుండె తట్టుకోలేదు. అది నిద్రపోయేటప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్ఫై దాటితే వెంటనే తీసుకురండి."

నలభై ఏళ్లుగా సూదితోనే బతికిన మనిషి, నీళ్లు ఎక్కించే ఆ సూదిని రెండుసార్లు తీసి మళ్లీ డబ్బాలో పెట్టేసింది. మెడ వెనక తోలు పైకి లాగి గుచ్చడం నేర్చుకోవడానికి పది రోజులు పట్టింది. రోజు విడిచి రోజు నీళ్లు. మధ్యాహ్నం కుట్టు మిషను ఆపి, గడియారం చూస్తూ ఊపిరి లెక్క. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఆ ఇంట్లో ఆమె గొంతు వినిపించేది ఆ లెక్క పైకి అన్నప్పుడే.

ఒక రోజు దొరసాని మరీ నీరసంగా కనిపించింది. చెల్లెలికి ప్రాణం ఉసూరుమని, డాక్టరమ్మ చెప్పినదానికి రెట్టింపు ఎక్కించింది. సాయంత్రానికి ఊపిరి నలభై ఆరు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నీళ్లు ఎక్కువ ఎక్కించారా?" అడిగింది ఆసుపత్రిలో డాక్టరమ్మ, దానికి ఆక్సిజన్ పెడుతూ.

"ఎక్కించాను. ఇదీ పోతే నేనింకెవరితో మాట్లాడాలి?"

డాక్టరమ్మ దానికి ఒంట్లో నీరు లాగేసే ఇంజెక్షన్ ఇచ్చి, ఆమె కూర్చోవడానికి స్టూలు జరిపింది.

మూడో రోజుకు గండం గడిచింది. ఆ తర్వాత చెల్లెలు కొలతలో చుక్క తేడా రాకుండా ఇంకో ఏడు నెలలు నెట్టుకొచ్చింది. అన్నాళ్లూ అది ఒడిలోకి రానే లేదు. మిషను తొక్కే కాళ్లకు కాస్త ఎడంగా పడుకునేది. అక్కడే పోయింది.

మిగిలిన సీసాలు ఇచ్చేద్దామని వెళ్తే, ఆసుపత్రిలో ఒక పెద్దాయన తన పిల్లికి సూది గుచ్చలేక చెమటలు కక్కుతున్నాడు.

"తోలు ఇలా గుడారంలా లేపండి. ఆ, ఇప్పుడు" అందామె, ఆయన చేయి పట్టి చూపిస్తూ.

సూది దిగింది. ఆయన తేలిగ్గా నవ్వాడు. "మీ పిల్లి ఎలా ఉందమ్మా?"

"పోయిందండీ. నెలైంది."

తెచ్చిన సీసాలు బల్ల మీద పెట్టిందామె. ఇంటికి వెళ్లే తొందరేమీ లేకపోయినా, ఆమె సంచి మడిచి చంకలో పెట్టుకుని లేచింది.