జములమ్మ తుపాకి, తిమ్మప్ప నడుము

ధరూర్ మండలంలో కృష్ణ వైపున్న నల్లదిన్నె అనే చిన్న ఊరికి జములమ్మ ఐదేళ్లు సర్పంచిగా ఉంది. 2001లో ఆ పదవిని ఆడవాళ్లకు కేటాయించారు. అంతకుముందు రెండుసార్లు నిలబడి ఓడిన ఆమె భర్త తిమ్మప్ప, ఈసారి ఆమె పేరుతో నామినేషన్ వేసి గెలిచాడు. గెలిచాడనే ఊరంతా అన్నది. దండలు కూడా ఆయన మెడలోనే పడ్డాయి. జములమ్మ ఆ రోజు చేనులో కలుపు తీస్తోంది. సాయంత్రం ఇంటికొచ్చాక "గెలిచినం" అని తిమ్మప్ప చెబితే, "ఎన్ని ఓట్లల్ల?" అని అడిగి కాళ్లు కడుక్కోవడానికి పోయింది.

ఆమె ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు చదవగలదు, కాస్త నెమ్మదిగా. కానీ సర్పంచి అయ్యాక ఆమెను ఎవరూ ఏదీ చదవమనలేదు. పంచాయతీ సెక్రటరీ కాగితాలు తెస్తే తిమ్మప్ప వేలు పెట్టి "గీడ" అనేవాడు. ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, చేతికంటిన జొన్నపిండి కొంగుకు తుడుచుకుని, అక్కడ సంతకం పెట్టేది.

మరుసటి ఏడు పంచాయతీ ఆఫీసు తలుపు సందులో ఎర్ర సిరాతో రాసిన ఉత్తరం దొరికింది. సర్పంచి పద్ధతి మార్చుకోకపోతే శిక్ష తప్పదని అందులో ఉంది. ఆ రోజుల్లో ఆ సిరాను చూసి ఎవరూ నవ్వేవారు కాదు. జములమ్మకు మాత్రం ఆ రాత అడవిలోంచి వచ్చినట్టు అనిపించలేదు. తిమ్మప్ప సర్కారు బోరింగును తన పశువుల కొట్టం ముందు వేయించుకున్నాడు. నీళ్లకు దూరం నడవాల్సి వచ్చిన పక్కవాడలో ఎవరో రాసి ఉంటారని ఆమె అనుమానం. తిమ్మప్ప ఒక రోజంతా భయపడ్డాడు. రెండో రోజు నుంచి సంతోషపడ్డాడు. నడుముకు తుపాకి పెట్టుకుని తిరగాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడు దానికి కారణం దొరికింది.

చిక్కు ఒక్కటే. బెదిరింపు సర్పంచికి వచ్చింది. సర్పంచి జములమ్మ. కాబట్టి లైసెన్సు కూడా ఆమె పేరు మీదే అడగాల్సి వచ్చింది. విచారణకు వచ్చిన పోలీసు అధికారి అరుగు మీద కూర్చుని, "అమ్మా, మీకు ప్రాణభయం ఉందా?" అని అడిగాడు.

జములమ్మ భర్త వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

"ఉందంట సార్" అంది.

"తుపాకి పట్టుడు వచ్చునా?"

"కొడవలి పడత సార్. తుపాకి సంగతి ఆయన్ని అడుగుర్రి."

ఆ అధికారి ఏం రాసుకున్నాడో కానీ ఎనిమిది నెలలకు లైసెన్సు పుస్తకం వచ్చింది. అందులో పెద్ద బొట్టుతో, కళ్లు విప్పార్చి, ఫొటోగ్రాఫర్ ఏం చేస్తాడోనని భయపడుతున్న జములమ్మ ఉంది. హైదరాబాదు దుకాణం నుంచి నల్లటి రివాల్వర్ వచ్చింది. పుస్తకం జములమ్మ చీరల పెట్టెలోకి, రివాల్వర్ తిమ్మప్ప నడుములోకి పోయాయి.

ఆనాటి నుంచి తిమ్మప్ప నడక మారింది. కుడిచేయి కొంచెం ఎడంగా పెట్టి నడిచేవాడు. ఎండాకాలంలో కూడా పొడుగు చొక్కా వేసేవాడు, కానీ తుపాకి ఉబ్బు కనబడేంత బిగుతుగా. ఊళ్లో ఆయన్ని తుపాకి తిమ్మప్ప అన్నారు. ఆయన దాన్ని ఒక్కసారే పేల్చాడు, దసరా నాడు, ఆకాశంలోకి. దానికి ఇంటి బర్రె బెదిరి మూడు రోజులు పాలివ్వలేదు. జములమ్మ తుపాకిని ముట్టుకున్నదీ దసరాకే. ఆయుధాల పూజలో కొడవలికి, గొడ్డలికి పెట్టినట్టే దానికీ కుంకుమ బొట్టు పెట్టేది.

2004లో, దసరా పోయిన పది రోజులకు, ఇద్దరూ గద్వాల పోయారు. తిమ్మప్ప చెల్లెలి కూతురి పెళ్లికి గాజులు కొనాలి. జములమ్మ బస్టాండు ఎదుటి గాజుల దుకాణంలోకి పోయింది. తిమ్మప్ప రోడ్డుకు ఇవతల హోటలు ముందు బల్ల మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు చెప్పాడు. ఇంకొంచెం చట్నీ వెయ్యమని చెయ్యి పైకెత్తాడు. చొక్కా లేచింది.

పక్క బల్ల మీద టౌను స్టేషను హెడ్ కానిస్టేబుల్ లింగయ్య చాయ్ తాగుతున్నాడు. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "ఏంది పటేలా, నడుముల?"

"తుపాకి." దాచాల్సిన సంగతేమీ కాదన్నట్టు చెప్పాడు తిమ్మప్ప.

"లైసెన్సు ఉందా?"

"ఉంది."

"సూపియ్యి."

"ఇంట్ల ఉంది. పెట్టెల."

"ఎవరి పేరు మీద?"

"మా ఇంటామె పేరు మీద. ఆమె సర్పంచి."

"ఆమె యాడుంది?"

తిమ్మప్ప రోడ్డుకు అవతల గాజుల దుకాణం చూపించాడు. లింగయ్య ఇరవై రెండేళ్ల నౌకరీలో లైసెన్సు లేని తుపాకులు చూశాడు, పేలని తుపాకులు చూశాడు. తుపాకి ఒక చోట, దాని యజమాని ఇంకో చోట, దాని కాగితం పాతిక కిలోమీటర్ల అవతల ఉండటం చూడటం ఇదే మొదలు. మిగిలిన చాయ్ తాగేసి, ఇద్దర్నీ స్టేషనుకు తీసుకుపోయాడు.

స్టేషన్లో ఎస్.ఐ. చట్టం పుస్తకం తెరిచి చాలాసేపు చదివాడు. తర్వాత తిమ్మప్పతో, "లైసెన్సు లేనోడు తుపాకి పెట్టుకుంటే తక్కువల తక్కువ ఏడాది జైలు. మూడేళ్ల దాక పోవచ్చు" అన్నాడు.

"లైసెన్సు ఉంది కద సార్. మర్చిపోయి వచ్చిన."

"లైసెన్సున్నోళ్లు మర్చిపోతే అది వేరే సంగతి. తుపాకి గుంజుకుంటం, తెచ్చి సూపిస్తే కథ చిన్నది. నీకు మర్చిపోనీకె లైసెన్సే లేదు కద." ఎస్.ఐ. జములమ్మ వైపు తిరిగాడు. "నీ తుపాకి ఇంకొకరికి ఇచ్చినందుకు నీ మీద కూడ కేసు అయితది సర్పంచమ్మా."

"నేను ఇయ్యలే సార్. నా చేతికి ఎప్పుడు వచ్చింది ఇయ్యనీకె?"

ఎస్.ఐ.కి ఆ మాట న్యాయంగానే తోచింది, కానీ అది రాయడానికి కాగితంలో గడి లేదు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో లింగయ్య "రివాల్వర్ ఒకటి, గొట్టం మీద కుంకుమ బొట్టు కలదు" అని రాశాడు. జములమ్మను పూచీకత్తు మీద ఇంటికి పంపారు. తిమ్మప్పను సబ్ జైలుకు పంపారు. బెయిలు రావడానికి పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజుల్లో సెక్రటరీ కాగితాలు పట్టుకుని వచ్చాడు. వేలు పెట్టి చూపించేవాళ్లు లేరు. జములమ్మ అరుగు మీద కూర్చుని ఒక్కొక్క కాగితం పెదవులు కదుపుతూ చదివింది. ఒక పూట పట్టింది. సెక్రటరీ రెండుసార్లు మంచినీళ్లు తాగాడు. మూడు కాగితాల మీద సంతకం పెట్టి, రెండు వెనక్కిచ్చింది. ఆ రెండింటిలో ఒకటి, తమ కొట్టం ముందు ఇంకో వీధిదీపం వేయాలని తిమ్మప్ప రాయించింది.

"మా బర్లు చీకట్ల కూడ మేస్తయి" అంది. "ఈ దీపం పక్కవాడల ఏయిర్రి."

జొన్నరొట్టెలు తీసుకుని సబ్ జైలుకు పోయినప్పుడు తిమ్మప్ప చువ్వల అవతల నుంచి, "నేను వచ్చేదాక సంతకాలు పెట్టకు" అన్నాడు.

"పెట్టిన."

"నన్ను అడగకుండనా?"

"సదివి పెట్టిన" అంది ఆమె. ఆయన రొట్టె తుంచుకున్నాడు.

వాళ్ల వకీలు మహిపాల్ చిన్నవాడు, పుస్తకాలు చదివేవాడు. ఆయుధాల చట్టంలో ఒక చిన్న దారి ఆయనకు కనబడింది. లైసెన్సు లేని మనిషి కూడా తుపాకి మోయవచ్చు. కాకపోతే యజమాని ఎదుట ఉన్నప్పుడు మోయాలి, లేదా యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి ఉండాలి. మోసేది కూడా మరమ్మతు కోసమో, లైసెన్సు రెన్యువల్ కోసమో, యజమాని వాడకం కోసమో అయి ఉండాలి.

"అమ్మా, రిపేరుకు పంపినట్టు ఒక కాయితం రాసిద్దురు. పాత తారీకు ఏద్దాం" అన్నాడు మహిపాల్.

"నేను పంపలే కద."

"ఊరికె రాయనీకె."

"మూడేండ్ల నుంచి ఊరికెనే రాస్తున్న బాబూ. గిది మాత్రం రాయ."

తిమ్మప్ప ఆమె వైపు కోపంగా చూశాడు. ఆయన ఏడాది జైలు ఆమె పెన్ను కొసన ఉంది. అది తలచుకుని కోపాన్ని మింగి, "జర ఆలోచించు" అని మాత్రం అన్నాడు. ఆమె ఆలోచించింది. రాయలేదు.

ఇక మిగిలింది ఎదుట ఉండటం. బజ్జీల హోటలు నుంచి గాజుల దుకాణం దాకా ఉన్న దూరాన్ని ఎదుట అనవచ్చా అన్నదే కేసు అయింది. పదకొండు వాయిదాలు పడ్డాయి. మధ్యలో ఆ దూరం కొలవమని కోర్టు చెప్పింది. ఒక సంత రోజు పొద్దున లింగయ్య టేపు పట్టుకుని రోడ్డు దాటాడు. సగం దాటాక ఆటో ఒకటి టేపు మీద నుంచి పోయి దాన్ని కొంతదూరం లాక్కుపోయింది. రెండోసారి మేకల మంద అడ్డం వచ్చింది. మూడోసారి నలభై ఒక్క మీటర్లు తేలింది. బజ్జీలు వేసే ఆయన, గాజులమ్మే ఆమె సాక్షి సంతకాలు పెట్టారు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలుస్తున్నారనుకుని పండ్ల బండ్లవాళ్లు నాలుగు రోజులు పరేషాన్ అయ్యారు.

2005 చివర్లో మేజిస్ట్రేటు జములమ్మను బోనులోకి పిలిచాడు. నల్లదిన్నె నుంచి ట్రాక్టరు నిండా జనం వచ్చి వెనక నిలబడ్డారు.

"మీరు గాజుల దుకాణంలో ఉన్నప్పుడు మీ భర్త మీకు కనబడ్డాడా?"

మహిపాల్ ఆమెకేమీ నేర్పలేదు. నేర్పినా చెప్పదని అప్పటికే తెలుసు.

"కనవడ్డడు సార్. నాలుగో బజ్జీ తింటుండె."

"నలభై ఒక్క మీటర్ల నుంచి బజ్జీలు లెక్కపెట్టారా?"

"దవాఖానల డాక్టరు ఆయన్ని నూనెవి తినొద్దన్నడు సార్. దుకాణంల ఉన్నంతసేపు ఒక కన్ను ఆడనే పెట్టిన. గాజులు సైజు తప్పినయి గూడ."

మేజిస్ట్రేటు చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత తిమ్మప్పను పిలిచి, ఆ తుపాకి ఎవరి వాడకం కోసం మోస్తున్నావని అడిగాడు. మహిపాల్ ఆయనకు మాత్రం బాగానే నేర్పాడు. తిమ్మప్ప ఏదో గొణిగాడు. టైపు చేసే ఆయన వినబడలేదన్నాడు.

"గట్టిగా చెప్పు" అన్నాడు మేజిస్ట్రేటు.

తిమ్మప్ప వెనక్కి తిరిగి తన ఊరివాళ్లను చూశాడు. ముందుకు తిరిగాడు. "మా ఇంటామె వాడకం కోసం సార్. తుపాకి ఆమెది. నేను ఉత్తగ ఆమె ఎనక మోస్త."

టైపు మిషను టకటకలాడింది.

పదిహేను రోజులకు తీర్పు వచ్చింది. భర్త తినే బజ్జీలు లెక్కపెట్టగలిగిన భార్య అతని ఎదుట ఉన్నట్టేనని కోర్టు నమ్మింది. తిమ్మప్ప భార్య వాడకం కోసం, ఆమె ఎదుట తుపాకి మోసిన మనిషి కాబట్టి నిర్దోషి. అయితే తుపాకి ఆమె ఎదుట ఉందంటే ఆమె వెంట ఉన్నట్టే. వెంట తుపాకి ఉన్నప్పుడు చేతిలో లైసెన్సు ఉండాలి. అది పాతిక కిలోమీటర్ల దూరంలో చీరల మధ్య ఉంది. లైసెన్సు షరతు తప్పినందుకు జములమ్మకు ఐదువందల రూపాయల జరిమానా.

ఆ విధంగా రెండేళ్లు తుపాకితో తిరిగిన మనిషి విడుదలయ్యాడు, దసరాకు తప్ప దాన్ని ముట్టుకోని మనిషికి శిక్ష పడింది. అప్పీలు చేద్దామా అని మహిపాల్ అడిగాడు. అప్పీలు చేస్తే తిమ్మప్ప విడుదల సంగతి మళ్లీ మొదటికి వస్తుంది. జములమ్మ జరిమానా కట్టి, తీర్పు నకలు ఒకటి కావాలని అడిగింది. అది ఇంగ్లీషులో ఉందని తెలిసి కొంచెం నొచ్చుకుంది. మహిపాల్ కోర్టు మెట్ల మీద కూర్చుని మొత్తం తెలుగులో చెప్పాడు. బజ్జీల పేరా దగ్గర ఆమె నవ్వింది. శిక్ష పేరా అయ్యాక, "ఆయనకు పడితే ఎట్లుండునో గాని, నాకైతే ఏమంత బరువు లేదు" అని లేచింది.

తుపాకిని కోర్టు లైసెన్సుదారుకే అప్పగించింది, ఇకమీదట రెండూ ఒకే మనిషి దగ్గర ఉండాలని హెచ్చరించి. ఇంట్లో పెడితే తిమ్మప్ప తీస్తాడని ఆమె దాన్ని ఒళ్లో కట్టుకుని చేనుకు పోసాగింది. లైసెన్సు ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడలో వేసుకుంది. ఆమె వంగినప్పుడల్లా కూలి ఆడవాళ్లు పది అడుగులు జరిగేవాళ్లు. ఆమె ఉన్న సాళ్లలో ఎవరూ కలుపు తీయలేదు. ఈరమ్మ అనే పెద్దామె అందరి తరఫున వచ్చి, "నువ్వన్న ఉండు, అదన్న ఉండనీ" అని చెప్పింది.

ఆ వారమే జములమ్మ తుపాకి వద్దని పైకి అర్జీ రాసింది, తన చేత్తో. ప్రాణభయం తీరినట్టు రుజువేమిటని జవాబు వచ్చింది. పక్కవాడలో కొత్త బోరింగు పడిందని, వీధిదీపం వెలుగుతోందని, ఇక భయపడే పని లేదని ఆమె మళ్లీ రాసింది. ఆ రుజువు చాలదన్నారు. 2006లో పదవి ముగిసి, ఆమె సర్పంచి కాకుండా పోయాక చాలిందన్నారు.

తుపాకి అప్పజెప్పడానికి టౌను స్టేషనుకు ఒక్కతే పోయింది. తిమ్మప్ప నడుము నొప్పని రాలేదు. లింగయ్య లైసెన్సు నంబరు, తుపాకి నంబరు సరిచూసి రసీదు రాశాడు. ఆమె నిలబడి చదివింది. వృత్తి దగ్గర గృహిణి అని ఉంది.

"ఇది కొట్టెయ్యి సార్" అంది. "రైతు అని రాయి."

లింగయ్య కొట్టేసి, పైన రైతు అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసి ఇచ్చాడు. ధరూర్ ఆటో నిండుతోందని బయట డ్రైవరు కేకేస్తున్నాడు. ఆమె రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుని, గబగబా పోయి వెనక సీటులో ఎక్కింది.