కంచె తీసేసిన ఏడాది సరోజ వెళ్ళిపోయింది

మా చిన్నప్పుడు... తెల్లారేసరికల్లా అమ్మా నాన్నా ఎస్టేటు గేటు దగ్గర వరుసలో నిలబడేవాళ్ళు. రబ్బరు పాలు తియ్యడానికి తోటలోకి వెళ్ళాలంటే ముందు సోదా. చేతిలో అన్నం మూట ఉండకూడదు... అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు గెరిల్లాలకి అందిస్తారని సర్కారు అనుమానం. ఇంట్లో ఇంత గంజి తాగి వెళ్ళడం, మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో పని చెయ్యడం... అదీ వాళ్ళ బతుకు.

మలేషియాలో బంటింగ్ దగ్గర మా తోట. ఆ గెరిల్లాల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు కదా, అందరినీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. అంతకుముందు కిరాణీలు, అంటే ఎస్టేటు ఆఫీసులో రాతకోతలు చూసే గుమాస్తాలు, గుట్ట మీద విడిగా ఉండేవారట. కంచె వచ్చాక వాళ్ళూ కిందికి దిగి మా కూలీల లైన్ల, అంటే వరస ఇళ్ళ, పక్కనే కాపురం పెట్టారు.

అలా దొరికింది నాకు సరోజ... మలయాళీ కిరాణిగారి అమ్మాయి.

టౌనుకి దారి భద్రం కాదని ఆయన కూతుర్ని కూడా మా తోటలోని తమిళ బడిలోనే వేశాడు. ఇద్దరం ఒకే బల్ల. వాళ్ళింట్లో తెలియకుండా మా అమ్మ చేతి ఎండుచేపల పులుసు తిని, మూతి కడుక్కుని వెళ్ళేది దొంగపిల్ల. మా మాట కూడా పట్టేసింది. "ఏటే పైడీ, ఏటి సేస్తన్నావు?" అని గుమ్మంలోంచి కేకేస్తే మా అమ్మ పడీపడీ నవ్వేది.

పెద్దవాళ్ళకి ఆ కంచె జైలే. నాకు మాత్రం ఆ జైలే బాగుండేది... చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

మెర్డెకా, అదే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. ఎక్కడ చూసినా జెండాలు, పాటలు, బళ్ళో మిఠాయిలు... కొన్నాళ్ళకి మా కంచె కూడా పీకేశారు. దారులు తెరుచుకున్నాయి. తెరుచుకున్న దారినే సరోజ వాళ్ళు క్లాంగ్ టౌనుకి ప్రయాణం కట్టారు... ఇంగ్లీషు చదువు కోసం.

వెళ్ళేముందు కిరాణిగారు మా గుమ్మంలోకి వచ్చారు. "పైడిని కూడా మా ఇంట్లో ఉంచుకుని సరోజతో పాటు చదివిస్తాను" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. అయితే ఆ బళ్ళో చేరాలంటే కాగితాలు కావాలి. నాకేమో పుట్టినట్టు కూడా కాగితం లేదు.

మా లైన్లో చాలామంది పిల్లలకి లేదు. ఊరెళ్ళి, అక్కడ మామ్మ ఒళ్ళో పడుకోబెట్టి, పేరు పెట్టించాకే రాయించాలని మావాళ్ళ పట్టుదల. శ్రీకాకుళం దగ్గర ఊరు... వచ్చే ఏడు వెళ్దాం, వచ్చే ఏడు వెళ్దాం అనుకుంటూనే నాకు పదకొండేళ్ళు వచ్చాయి.

పౌరసత్వం రాయడానికి అధికారులు తోటకే వచ్చారు. ఆఫీసు వరండాలో బల్ల వేశారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని నా చెయ్యి పట్టుకుని వెళ్ళాడు. కిరాణిగారే అన్నీ నింపి పెట్టారు. ముందు నాన్న ప్రమాణం చెయ్యాలి, ఇకమీదట ఇదే నా దేశం అని. తర్వాత నా కాగితం.

నాన్న చెయ్యెత్తాడు. పెదాలు కదిలాయి... మాట రాలేదు. చెయ్యి దించేసి, "మల్లీ వస్తానయ్యా" అని వెనక్కి తిరిగాడు.

ఇంటి దగ్గర అమ్మ ఎదురొచ్చింది. "ఏటైనాదయ్యా?"

"నోరు రానేదే. మాయమ్మ అక్కడ నాకోసం సూస్తంది. ఇదే నా దేశమని ఎలాగనీసీది?"

"మరి పిల్ల సదువేటైపోద్ది?"

నాన్న ఆ ఉతికిన చొక్కా విప్పి దండెం మీద వేశాడు. ఆ బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

సరోజ లారీ ఎక్కి వెళ్ళిపోయింది. నేను దారి దాకా కూడా వెళ్ళలేదు, ఏడుస్తానని భయం. మర్నాటి నుంచి బళ్ళో మా బల్ల మీద ఒక్కదాన్నే. గేటు తెరిచే ఉంది, ఎక్కడికైనా వెళ్ళొచ్చు... ఎవరితో వెళ్ళను?

రెండేళ్ళకి నా చేతికి రబ్బరు చెట్లు గీసే పాలకత్తి వచ్చింది. తర్వాత్తర్వాత సరోజకి పౌరులకిచ్చే నీలం కార్డు, నాకు ఎర్ర కార్డు. ఎర్ర కార్డు అంటే పరాయిదాన్ని... పనికి కూడా పర్మిట్ కావాలి. నాన్న ఊరెళ్ళనేలేదు. మామ్మ పోయిందని ఉత్తరం వచ్చింది, అంతే. నాకు నీలం కార్డు వచ్చేసరికి మనవలు పుట్టారు.

మొన్న కౌలాలంపూర్‌లో ఒక పెళ్ళిలో పక్కన కూర్చున్న తెలుగు కుర్రాడు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా, అన్నాడు... "మలయాళీలు ఎంత పైకెళ్ళినారు చూడండి ఆంటీ. మనోళ్ళకి ఆంబిషన్ లేదు లా."

ఒళ్ళు మండింది నాకు. నాయనా, వాళ్ళూ మేమూ సముద్రం దాటి వచ్చినవాళ్ళమే. వాళ్ళు గుమాస్తాలుగా వచ్చారు, కాగితం విలువ తెలుసు. మా నాన్నకి తెలిసిందల్లా తిరిగొస్తానని వాళ్ళమ్మకిచ్చిన మాట. ఇందులో బద్ధకం ఎక్కడుంది? సరోజ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది, పిల్లలు డాక్టర్లు. నా కొడుకు ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. నన్ను బాగానే చూసుకుంటాడు.

పోయినేడు క్లాంగ్ ఆసుపత్రిలో సరోజ కనిపించింది. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. చివరికి తమిళంలో మెల్లగా అడిగింది... "ఎందుకు రాలేదు లా? నీకే ఇష్టం లేదనుకున్నాను."

బల్ల దగ్గర జరిగింది వాళ్ళ నాన్న దానికి చెప్పనేలేదట, ఇన్నేళ్ళూ అలాగే అనుకుందట. నేను జవాబు తెలుగులో మొదలుపెట్టాను... సరోజకిప్పుడు మా మాట ఒక్క ముక్కా గుర్తు లేదు.

మీ ఇళ్ళల్లోనూ అలా పౌరసత్వం బల్ల దాకా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారా? ఉంటే రాయండి... రెండు ముక్కలైనా తెలుగులోనే రాయండి. మా మనవలు ముత్తాత కథ అడిగితే మలయ్ భాషలోనే చెప్పాల్సి వస్తోంది, ఆ భాషలో నాకేమో ఏడుపు రాదు.